అరవైకి సున్నా

ఆ ఇంట్లో పొద్దున్నే రెండు చప్పుళ్ళు మొదలవుతాయి. ఒకటి కుట్టుమిషనుది, రెండోది కూతురి నోటిది. మిషనైనా దారం తెగితే ఆగుతుంది కానీ కూతురు ఆగదు. అందుకే తాతయ్య ఆ పిల్లకి వసపిట్ట అని పేరు పెట్టాడు. అసలు పేరు కాలేజీ రిజిస్టరుకే పరిమితమైపోయింది.

ఇంటి ముందుగదే కుట్టుపని గది. కిటికీ పక్కన మిషను, గోడ వెంట గుడ్డలు కత్తిరించే బల్ల, బల్ల కింద గుండీల డబ్బాలు. వీధంతా టైలరమ్మ అని పిలిచే ఆ ఇంటి ఇల్లాలు ఆ రోజు ఒక కోటుకు చేతులు అతుకుతోంది. వసపిట్ట బల్ల మీద మిగిలిన లైనింగు ముక్క పరిచి, తల్లి గుర్తులు పెట్టుకునే సుద్దతో చిక్కుడుగింజలాంటి బొమ్మ గీసింది.

"అమ్మా, ఇటు చూడు. ఇది మూత్రపిండం. నిన్న చెప్పాను. ఇప్పుడు నువ్వు చెప్పు."

"చేతిలో పని ఉందే."

"పని చేతిలో ఉంది. నోరు ఖాళీగానే ఉందిగా."

టైలరమ్మ నవ్వి, సూది మీద నుంచి చూపు తిప్పకుండానే మొదలుపెట్టింది. "రక్తం లోపలికి వస్తుంది. ముందు నీళ్ళూ ఉప్పూ చక్కెరా అన్నీ వడపోసి బయట పోసేస్తుంది. తర్వాత పనికొచ్చేవి మళ్ళీ ఏరుకుంటుంది. మనం గుండీల డబ్బా బోర్లించి కావలసినవి ఏరుకుంటాం చూడు, అలాగ."

"ఏరుకోగా మిగిలింది?"

"బయటికి. ఇక దాని గురించి పొద్దున్నే మాట్లాడను."

వసపిట్ట చప్పట్లు కొట్టింది. ఈ పాఠాల వల్ల ఒకసారి తల వంచుకోవలసి వచ్చిన మాట నిజమే. పోయిన నెలలో ఒక వకీలుగారి కోటు లోపల, నాలుగు గదుల గుండె బొమ్మతో సహా లైనింగు కుట్టేసింది టైలరమ్మ. ఆయన కోటు పట్టుకొచ్చి, "గుండె సరిగ్గా ఎడమవైపే పెట్టారమ్మా. నాది కూడా ఇంత శుభ్రంగా ఉంటే బాగుండేది," అని చెప్పి, బ్రష్షుతో దులిపించుకుని వెళ్ళాడు. ఆ తర్వాత లైనింగు ముక్కలను తిరగేసి చూడటం ఆమెకు అలవాటైంది.

పాఠం పూర్తికాకముందే భర్త షాపుకు తయారై ముందుగదిలోకి వచ్చాడు. మందుల షాపులో ఇరవై ఏళ్ళుగా పని. ఏ డాక్టరు ఎంత గజిబిజిగా రాసినా చదవగలడని ఆయనకు పేరు. బల్ల మీద బొమ్మను ఒకసారి చూసి, చూడనట్టే చెప్పులు వేసుకున్నాడు.

"ఆదివారం పరీక్ష. పేరు రాయించేశాను," అన్నాడు.

మిషను ఆగింది. వసపిట్ట కూడా ఆగింది.

మూడు వారాలుగా ఆ ఇంట్లో నలుగుతున్న సంగతే ఇది. పిల్లకి ఇంటర్ అయిపోయింది, మెడికల్ ఎంట్రన్సుకు ఏడాది ఉంది. రెండు గంటల ప్రయాణం దూరంలో పేరున్న కోచింగ్ సెంటరు ఒకటి ఉంది. హాస్టల్లో ఉండి ఏడాదంతా చదువుకోవాలి. ఊరికే చేర్చుకోరు, అరవై ప్రశ్నల పరీక్ష పెట్టి, దాటినవాళ్ళనే తీసుకుంటారు. కూతురేమో ఇంట్లోనే చదువుకుంటానంటుంది. తండ్రి ఆ మాట చెవిన పెట్టడం లేదు.

"నాన్నా, ఇంట్లో నాకు బాగానే వస్తోంది కదా," అంది వసపిట్ట.

"వస్తోందని నువ్వనుకుంటున్నావు. ఒంటరిగా కూర్చుని చదివేవాళ్ళందరూ అలాగే అనుకుంటారు. నాకు తెలుసు."

కుర్చీలో పేపరు చదువుకుంటున్న తాతయ్య తలెత్తాడు. రైళ్ళలో టికెట్లు చూసి రిటైరైన మనిషి. "బండి ఎక్కించే ముందు ఎక్కేదాన్ని కూడా ఒక మాట అడగరా."

"అడిగితే దిగిపోతానంటుంది నాన్నా," అని ఆయన వెళ్ళిపోయాడు.

నాకు తెలుసు అని భర్త ఎందుకన్నాడో టైలరమ్మకు కొంత తెలుసు. పెళ్ళికి ముందు ఆయన కూడా డాక్టరు కావాలనుకున్నాడు. రెండేళ్ళు మేడ మీద గదిలో తలుపు వేసుకుని చదివాడు. సీటు రాలేదు. ఇంతకు మించి ఆయన ఎప్పుడూ చెప్పలేదు, ఆమె తవ్వి అడగలేదు.

ఆమె మనసును తొలిచేది వేరే సంగతి. ఎనిమిదో తరగతిలో ఉండగా తల్లికి జబ్బు చేస్తే బడి మానేసి మిషను ముందు కూర్చున్న మనిషి తను. నలభై ఏళ్ళు దాటాక, ఈ పొద్దుటి పాఠాలతో మళ్ళీ ఒక బడి దొరికింది. వంట త్వరగా ముగించి మరీ వచ్చి కూర్చుంటోంది. పిల్ల రోజూ ఏం చెబుతుందా అని ముందురోజు నుంచే ఎదురుచూస్తోంది. నా సరదా కోసం దాన్ని ఇంట్లో కట్టేసుకుంటున్నానా, దాని రెక్కలు నేనే కత్తిరిస్తున్నానా అన్న అనుమానం వచ్చిందంటే కుట్టు వంకర పోతోంది.

శనివారం సాయంత్రం ఆమె గుండె రాయి చేసుకుని చెప్పేసింది. "వెళ్ళమ్మా. నాన్న చెప్పినట్టు చెయ్యి. నా దగ్గర కూర్చుంటే నీకేం వస్తుంది? గుండీలు కుట్టడం వస్తుంది."

వసపిట్ట తల్లి మొహంలోకి కాసేపు చూసింది. "సరే," అంది.

ఆదివారం తండ్రీకూతుళ్ళు పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. "ఎలా రాశావే?" అని తల్లి అడిగితే, "ఒక్కటి కూడా వదల్లేదు," అని లోపలికి వెళ్ళిపోయింది పిల్ల. అన్నం దగ్గర కూడా నోరు మెదపలేదు.

తాతయ్య కోడలిని దగ్గరికి పిలిచి మెల్లగా అన్నాడు. "అమ్మాయ్, ముప్ఫై ఏళ్ళు బోగీల్లో తిరిగాను. టికెట్ లేకుండా ఎక్కినవాళ్ళ మొహం దూరం నుంచే గుర్తుపడతాను. నీ కూతురి మొహం ఇవాళ అలాగే ఉంది."

"అలిసిపోయుంటుంది మామయ్యా," అంది టైలరమ్మ. కానీ ఆ మాట ఆమె మనసులో ఉండిపోయింది.

బుధవారం మిట్టమధ్యాహ్నం భర్త ఇంటికి వచ్చాడు. ఆ వేళకు ఆయన ఎప్పుడూ రాడు. చేతిలో ఒక కాగితం ఉంది. చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి ముందుగదిలో నిలబడ్డాడు. కోపంగా ఉంటే ఆమెకు అంత భయం వేసేది కాదు. ఆయన ఏదో పోగొట్టుకున్నవాడిలా ఉన్నాడు.

"దాన్ని పిలు," అన్నాడు.

వసపిట్ట వచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

"అరవైకి సున్నా," అన్నాడాయన. "అరవై ప్రశ్నలమ్మా. ఒక్కటి రాలేదు. సెంటరుకు వెళ్తే, కౌంటర్లో పిల్లాడు కాగితం ఇస్తూ నా మొహం చూడలేకపోయాడు."

ఆయన భార్య వైపు తిరిగాడు. "చూశావా? నువ్వు వింటావు, అది చెబుతుంది, మీ ఇద్దరికీ సంబరం. పొద్దున్నే బల్ల మీద బొమ్మలు. చదువంటే అదేనని మురిసిపోయాం. నేను కూడా లోలోపల మురిసిపోయాను. చివరికి మిగిలింది ఇది."

ఆ మాట టైలరమ్మకు సూటిగా తగిలింది. మూడు వారాలుగా తను భయపడుతున్నదే ఆయన నోటి నుంచి వచ్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏం చెయ్యాలో తోచక ఆ కాగితం తీసుకుంది.

చాలాసేపు చూసింది. అరవై వరుసలు, ఒక్కో వరుసకు నాలుగు గళ్ళు, ఒక గడిలో పిల్ల పెట్టిన పెన్సిలు గుర్తు, దాని పక్కన ఎర్రటి ఇంటూ. పైనుంచి కిందిదాకా ఇంటూలే. చూస్తూ చూస్తూ ఉండగా ఆమె కళ్ళు ఆరిపోయాయి. కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"ఏమండీ, ఇందులో ఏమీ చదవనివాళ్ళు కళ్ళు మూసుకుని గుర్తులు పెడితే ఎన్ని వస్తాయి?"

"అదేం ప్రశ్న?"

"చెప్పండి. నాలుగింట్లో ఒకటి సరైనది."

"పదిహేను వస్తాయి. కాస్త అటూ ఇటూ," అన్నాడు విసుగ్గా. అని, నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయాడు.

టైలరమ్మ కాగితాన్ని బల్ల మీద పరిచి అరచేత్తో సాపు చేసింది. "నేను కుట్టు నేర్చుకునే రోజుల్లో మా టీచరమ్మ నాకు రోజంతా కుచ్చిళ్ళు పెట్టే పని ఇచ్చేది. విసుగెత్తి ఒకరోజు కావాలనే అన్నీ వంకరగా పెట్టాను, చేతకాదని మాన్పిస్తుందని. ఆవిడ గుడ్డ ఎత్తి చూసి నవ్వింది. రానివాళ్ళ కుట్టు నాలుగు వైపులా పోతుందే, నీది లెక్కపెట్టినట్టు అంతా ఒకేవైపు పోయింది, అంటే నీకు బాగా వచ్చు అంది. మళ్ళీ నెల రోజులు నాతో కుచ్చిళ్ళే పెట్టించింది." ఆమె కూతురి వైపు తిరిగింది. "అరవైలో ఒక్కటి కూడా పొరపాటున తగలకుండా తప్పించుకున్నావంటే, అరవైకి అరవై నీకు తెలిసే ఉండాలి. అవునా?"

వసపిట్ట నేల చూపులు చూసింది. "యాభై ఎనిమిదే తెలుసు," అంది చిన్నగా. "రెండు మాత్రం అదృష్టం కొద్దీ తప్పయ్యాయి."

కుర్చీలో తాతయ్య పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పేపరు కదిలిపోతోంది.

తండ్రి మాత్రం నవ్వలేదు. "ఎందుకు చేశావు?"

నోరు తెరిస్తే ఆగని పిల్ల అప్పుడు మాటలు వెతుక్కుంది. "ఆ సెంటరు చూశావు కదా నాన్నా. హాలు నిండా బల్లలు, గోడ నిండా నిశ్శబ్దం అని బోర్డులు. నేను పైకి చెప్పకపోతే నాకు గుర్తుండదు. చెబుతుంటేనే నాకేం రాదో నాకు తెలుస్తుంది. అమ్మ మధ్యలో 'ఎందుకు?' అంటుంది చూడు, అక్కడే నాకు రానిది దొరుకుతుంది. నువ్వేమో వెళ్ళమన్నావు. చివరికి అమ్మ కూడా వెళ్ళమంది. నేను వెళ్ళనంటే ఇద్దరూ బాధపడతారు. పరీక్ష పోతే ఎవరూ ఏమీ అనలేరు కదా అనుకున్నాను."

"తెలిసిన జవాబు దాచి, తెలియనట్టు రాశావు," అన్నాడు తండ్రి. గొంతు పెంచలేదు. "మేం బాధపడతామని. రేపు డాక్టరువై రోగి ముందు కూర్చున్నప్పుడు కూడా, బాధపడతారని నిజం దాచేస్తావా? చదువు రాకపోతే నేర్పించుకోవచ్చు. దీన్ని ఏ కోచింగులో నేర్పించను?"

వసపిట్ట ఏడ్చేసింది. అది సాధించుకోవడానికి ఏడ్చే ఏడుపు కాదు. ఆ మాట లోపలికి దిగి వచ్చిన ఏడుపు. "తప్పే నాన్నా," అంది. "ఇంకెప్పుడూ చెయ్యను."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కోపం దిగిపోయిన చోట ఇన్నేళ్ళూ దాచుకున్నది పైకి వచ్చింది. "నేను రెండేళ్ళు చదివాను. తలుపు గడియ పెట్టుకుని. మా అమ్మ అన్నం గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళేది. ఎవరితోనూ మాట్లాడేవాణ్ణి కాదు, మాట్లాడితే చదువు పోతుందని. మొదట్లోనే ఒక విషయం తప్పుగా అర్థం చేసుకున్నాను. ఆ తప్పునే రెండేళ్ళు బట్టీ పట్టాను. నాకు ఎవరు చెబుతారు? గోడలు చెబుతాయా? పరీక్ష గదిలోంచి బయటికొచ్చాక పక్కవాడు మాటల్లో అన్నాడు. అప్పుడు తెలిసింది. అందుకే నిన్ను నలుగురి మధ్యా కూర్చోబెట్టాలనుకున్నాను. ఇంకేమీ లేదు."

"ఏమిటి నాన్నా ఆ తప్పు?" అడిగింది వసపిట్ట ముక్కు తుడుచుకుంటూ.

"ధమనులన్నీ మంచి రక్తాన్నే మోస్తాయని," అన్నాడాయన.

"అయ్యో, అన్నీ కాదండీ," అంది టైలరమ్మ. అలవాటుగా సూదిలో దారం ఎక్కిస్తూ, తల కూడా ఎత్తలేదు. "గుండె నుంచి ఊపిరితిత్తులకు పోయేది ఒకటుంది చూడండి, పేరుకు అది ధమనే. కానీ మోసేది చెడు రక్తం. గుండెలోంచి బయటికి పోయేదల్లా ధమని, లోపలికి వచ్చేదల్లా సిర. అందులో ఏముందో చూసి పేరు పెట్టలేదు, ఎటు పోతుందో చూసి పెట్టారు."

దారం ఎక్కింది. ముడి వేయబోతూ ఆమె తలెత్తింది. భర్త తననే చూస్తున్నాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆ చూపు ఆమె ఎరగదు.

"నేను తప్పుగా చెప్పానా?" అంది కంగారుగా.

ఆయన తల అడ్డంగా ఊపాడు. కళ్ళు తుడుచుకున్నాడు, మళ్ళీ నిండాయి, చివరికి తుడుచుకోవడం మానేసి నవ్వడం మొదలుపెట్టాడు. "రెండేళ్ళు," అన్నాడు నవ్వుల మధ్య. "రెండేళ్ళు ఆ గదిలో నాకు తెలియంది, నువ్వు దారం ఎక్కిస్తూ చెప్పేశావు."

"అది చెప్పిందే కదండీ," అంది ఆమె కూతురిని చూపిస్తూ.

"అదే నేను అంటున్నది. నేను ఒంటరిగా చదివాను. ఇది ఇంట్లో చదువుతోంది. రెండూ ఒకటేననుకున్నాను నేను."

తాతయ్య పేపరు దించాడు. ఆయన కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. "ఆ గుమ్మం దగ్గర నేనైనా తలుపు కొట్టి ఏం చదువుతున్నావురా అని అడిగి ఉండాల్సింది," అన్నాడు.

"మీరు అడిగినా చెప్పేవాణ్ణి కాదులే నాన్నా," అన్నాడు కొడుకు ఆయన మోకాలి మీద చెయ్యి వేసి.

అయినా తండ్రి పట్టిన పట్టు పూర్తిగా వదిలే మనిషి కాదు. అమ్మకు తెలిసేది నువ్వు చెప్పిందే కదా, నువ్వే తప్పు చెబితే ఆ తప్పు ఇద్దరికీ అంటుకుంటుంది, దాన్ని పట్టుకునేదెవరు అని అడిగాడు కూతురిని. చేసిన తప్పు ఒప్పుకోవడానికీ, అది అడగడానికీ సెంటరుకే వెళ్దామని తేల్చారు. ఈసారి టైలరమ్మ కూడా మిషను మీద గుడ్డ కప్పి బయల్దేరింది.

సెంటరు నడిపే పెద్దమాస్టారు బట్టతల మనిషి. వసపిట్ట ఆయన బల్ల ముందు నిలబడి, చేసింది చేసినట్టు ఒప్పుకుని క్షమించమంది. ఆయన సొరుగు లాగి ఆ పరీక్ష కాగితం నకలు బయటికి తీశాడు.

"సున్నా తెచ్చుకున్న పిల్లను చూద్దామని నేనే కబురు పెట్టబోతున్నాను. ఇన్నేళ్ళలో ఇది ఎవరికీ చేతకాలేదు," అన్నాడు. వేరే ప్రశ్నపత్రం తీసి చేతికిచ్చాడు. "ఇప్పుడు సరిగ్గా రాయి."

గంట తర్వాత ఆయనే దిద్దాడు. అరవైకి యాభై రెండు. హాస్టల్లో చోటు ఇస్తానన్నాడు. తండ్రి గొంతు సవరించుకుని, "అడగాల్సింది దాన్నండీ," అన్నాడు.

వసపిట్ట అడిగేసింది. ఆదివారం ఆదివారం సెంటరులో పెట్టే పరీక్ష వచ్చి రాస్తుంది, పరీక్ష తర్వాత తప్పులు చెప్పే క్లాసులో కూర్చుంటుంది, మిగతా ఆరు రోజులూ ఇంట్లో చదువుకుంటుంది. అలా కుదురుతుందా? కుదురుతుందన్నాడు మాస్టారు. బయటి పిల్లలు కొందరు అలా వస్తారట.

"ఇంట్లో ఎవరు చెబుతారు?" అని అడిగాడు.

"మా అమ్మండీ."

ఆయన గౌరవంగా టైలరమ్మ వైపు తిరిగాడు. "మీరు ఏ సబ్జెక్టు చెబుతారు మేడమ్?"

ఆమె బిక్కచచ్చిపోయింది. వసపిట్ట ఆమె చెయ్యి పట్టుకుంది. "చెప్పరండీ. వింటారు. అర్థమయ్యేదాకా నన్ను వదలరు."

మాస్టారు బయట గోడ మీదున్న నిశ్శబ్దం బోర్డు వైపు చూసి, "అలాంటివాళ్ళు మా దగ్గర లేరమ్మా," అన్నాడు. తిరుగు ప్రయాణంలో ఆ మాటను తండ్రి నాలుగుసార్లు చెప్పాడు. టైలరమ్మ కిటికీ వైపు మొహం తిప్పుకుని విన్నది. మనసు మీద నుంచి మూడు వారాల బరువు దిగిపోయింది.

మర్నాడు పొద్దున్న మళ్ళీ రెండు చప్పుళ్ళూ మొదలయ్యాయి. షాపుకు తయారై వచ్చిన భర్త చెప్పులు వేసుకోలేదు. బల్ల దగ్గరికి స్టూలు లాక్కుని, జేబులోంచి ఒక కాగితం తీశాడు. తప్పు పోయిన ఎనిమిది ప్రశ్నలూ ఆయన అచ్చక్షరాల్లాంటి చేతిరాతతో అందులో ఉన్నాయి. వాటిని చూసి ఆయన మొహం యాభై రెండు వచ్చినప్పటి కంటే ఎక్కువ వెలిగిపోతోంది.

"ఎనిమిది దొరికాయి," అన్నాడు. "ఒక్కోటి బయటికి లాగుదాం."

"షాపుకు ఆలస్యం కాదుట్రా?" అన్నాడు తాతయ్య.

"అరగంట ఆలస్యంగా వస్తానని చెప్పాను. రోజూ."

వసపిట్ట సుద్ద అందుకుని మొదటి ప్రశ్నకు బొమ్మ గీసింది. చెప్పుకుపోతోంది. తండ్రి అర్థమైనట్టు తల ఊపుతున్నాడు. ఇంతలో మిషను ఆగింది.

"ఆగు," అంది టైలరమ్మ. "అక్కడ ఎందుకలా అవుతుంది? నాకర్థం కాలేదు."

వసపిట్ట నోరు తెరిచి, మూసి, మళ్ళీ పుస్తకం తిరగేసింది. "నాకూ అర్థం కాలేదమ్మా," అంది సంతోషంగా. "అందుకే తప్పు రాశాను."

"నేనైతే తల ఊపేశాను," అన్నాడు భర్త. భార్య వైపు తిరిగాడు. "ఇంత బుర్ర పెట్టుకుని ఎనిమిదో తరగతిలో చదువు ఎలా ఆపేశావు?"

టైలరమ్మ లైనింగు ముక్కను కూతురి చేతి కిందకు జరిపి, బొమ్మ సరిగ్గా కనిపించేలా సర్దింది.

"ఆపానని ఎవరన్నారు," అంది. "నువ్వు మొదటి నుంచి చెప్పవే, వసపిట్టా."